ఆరు గ్రామీల్లో నాలుగు పరాయి పాటలకే: జేమ్స్ టేలర్ చేతుల్లో ఏముంది?

గిటార్ పట్టి ఇంగ్లిష్ పాటలు పాడే బెజవాడ కుర్రాళ్ళలో అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ తెలిసినవాళ్ళు తక్కువే. తెలిసినవాళ్ళకు మాత్రం రెండు పాటలు వచ్చే ఉంటాయి: ‘ఫైర్ అండ్ రెయిన్’, ‘యూవ్ గాట్ ఎ ఫ్రెండ్’. మొదటిది అతను రాసుకున్నది. రెండోది కరోల్ కింగ్ రాసింది. అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద బహుమతి గ్రామీ వచ్చింది రెండోదానికి.

ఏదో ఒక్కసారి అలా జరిగిందనుకుంటే పొరపాటు. టేలర్‌కు మొత్తం ఆరు గ్రామీలు. 1972లో ‘యూవ్ గాట్ ఎ ఫ్రెండ్’ గానానికి. 1978లో ‘హ్యాండీ మ్యాన్’కి, అదీ పాత హిట్టే, అతనిది కాదు. 1998లో ‘అవర్‌గ్లాస్’ ఆల్బమ్‌కి, ఇందులో చాలావరకు సొంత పాటలు. 2002లో తన పాత పాట ‘డోంట్ లెట్ మీ బి లోన్లీ టునైట్’ని మైకేల్ బ్రెకర్ శాక్సఫోన్‌తో మళ్ళీ పాడినందుకు. 2004లో ఆలిసన్ క్రాస్‌తో కలిసి పాడిన ఒక పాత కంట్రీ పాటకి. 2021లో ‘అమెరికన్ స్టాండర్డ్’ ఆల్బమ్‌కి, అందులో ఉన్నవన్నీ అతను పుట్టకముందువో, చిన్నప్పటివో. లెక్క వేస్తే సొంత రచనకు దక్కినవి రెండే. ‘ఫైర్ అండ్ రెయిన్’కి 1971లో నామినేషన్లు వచ్చాయి గానీ ఆ ఏడు సైమన్ అండ్ గార్ఫంకెల్ ఊడ్చుకుపోయారు.

గ్రామీల్లో ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ రాసినవాళ్ళకు ఇచ్చేది, ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ ఆ రికార్డింగుకు ఇచ్చేది, గాన బహుమతులు గొంతుకు ఇచ్చేవి. అందుకే 1972లో ఒకే పాట మీద రాసిన కింగ్‌కు ఒకటి, పాడిన టేలర్‌కు ఒకటి వచ్చాయి. మనకీ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. వాక్కూ గేయమూ రెండూ తనవే అయినవాడు వాగ్గేయకారుడు. మొవ్వ క్షేత్రయ్య ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని నడిపిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు తాను రాసి, తానే బాణీ కట్టి, తానే పాడినవారు. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నదీ ఆయనే. ఆ కేంద్రం నుంచి వచ్చిన లలిత గీతాల మీద చెవి పెరిగినవాళ్ళకు టేలర్ పాట పరాయిగా అనిపించదు. గొంతు ముందు, వాద్యం వెనక, మాట స్పష్టం, అరుపు లేదు.

మరి పరాయి పాట పాడినా అది టేలర్ పాటే అనిపిస్తుందేం? గొంతు ఒక్కటే కారణం కాదు. కుడిచేతి బొటనవేలు, తీగల శ్రుతి, ఏ వాయిద్యం ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసిన తీరు, ఇవీ కారణాలు. టేలర్ పాడే సాఫ్ట్ రాక్ అనగానే సుకుమారంగా మీటడం అనుకుంటారు. వినడానికి మెత్తగా ఉండేదాని వెనక పని చాలా గట్టిది.

టేలర్ 1948 మార్చి 12న బోస్టన్‌లో పుట్టాడు, నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో పెరిగాడు. మొదట నేర్చింది చెల్లో. పన్నెండేళ్ళకు గిటార్ పట్టాడు. చెల్లో మంద్రంలో నడిచే వాద్యం కాబట్టి కింది స్వరాల నడక మొదటి నుంచీ చెవికెక్కింది. తన శైలికి మూలాల్లో ఇదొకటని అతనే చెప్పాడు. అతని బొటనవేలి వరస వింటే ఒప్పుకోక తప్పదు.

1968లో లండన్ వెళ్ళి, నిర్మాత పీటర్ ఆషర్ ద్వారా బీటిల్స్ వాళ్ళ యాపిల్ రికార్డ్స్‌కి చేరాడు. పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ విని ఒప్పుకున్నారు. హారిసన్ ‘సంథింగ్’ మొదటి వాక్యం టేలర్ పాట పేరు నుంచి వచ్చిందే. ఇంత పలుకుబడి ఉన్నా ఆ మొదటి ఆల్బమ్ ఆడలేదు. ఒక కారణం అందరికీ తెలిసిందే: హెరాయిన్ అలవాటు, ఆస్పత్రి, ప్రచారానికి మనిషి లేకపోవడం. రెండోది వింటే తెలుస్తుంది. పాటకూ పాటకూ మధ్య తీగవాయిద్యాల అతుకులు, హార్ప్సికార్డ్, పైన ఇంకేవో అలంకారాలు. గిటార్ చేస్తున్న పనినే మరో నలుగురు మళ్ళీ చేస్తుంటారు. ముద్దపప్పులో సాంబారు కలిపినట్టు, ఏ రుచికి ఆ రుచి పోయింది.

1969లో మోటార్ సైకిల్ ప్రమాదంలో రెండు చేతులూ రెండు కాళ్ళూ విరిగాయి. కొన్ని నెలలు గిటార్ ముట్టలేదు. ఆ డిసెంబర్‌లోనే లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ సౌండ్‌లో రెండో ఆల్బమ్ ‘స్వీట్ బేబీ జేమ్స్’ చేశారు. నిర్మాత మళ్ళీ ఆషరే, ఖర్చు సుమారు 7,600 డాలర్లు. ఈసారి అతుకులన్నీ తీసేశారు. ‘ఫైర్ అండ్ రెయిన్’లో గిటార్, పియానో (కరోల్ కింగ్), నిలువు బేస్, రస్ కంకెల్ డ్రమ్స్, అంతే. కంకెల్ కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లతో వాయించాడు. బ్రష్‌తో టామ్ డ్రమ్ము మీద కొడితే దెబ్బ మొన తగ్గుతుంది, గిటార్ తీగ మీటే మొన వినిపించడానికి చోటు మిగులుతుంది. డ్రమ్ముల సద్దు తగ్గించడం వేరు, మొన తగ్గించడం వేరు. మన దగ్గర అకూస్టిక్ పాటకు కహాన్ (మీద కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె) వాయించేవాళ్ళు ఈ తేడా పట్టుకుంటే సగం తగువులు తీరతాయి. ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. ‘ఫైర్ అండ్ రెయిన్’ బిల్‌బోర్డ్‌లో 3వ స్థానం దాకా వెళ్ళింది, తర్వాతి ఏడాది మార్చిలో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం మీద అతని బొమ్మ పడింది.

ఇక ఆ పాట సంగతి. మూడో మెట్టు (ఫ్రెట్) మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపెట్టే బిగింపు; ‘ఏ’ ఆకారపు కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. చరణంలో వరస ఇది: ఏ, ఈ మైనర్ సెవెన్, డి, ఏ, మళ్ళీ ఈ మేజర్, ఆపైన జి మేజర్ సెవెన్. ‘ఏ’ని షడ్జమం అనుకుని స్వరాలు రాసుకోండి. ఈ మైనర్ సెవెన్‌లో పంచమం, కైశికి నిషాదం, చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ మధ్యమం. జి మేజర్ సెవెన్‌లో కైశికి నిషాదం, రిషభం, మధ్యమం, చతుశ్శ్రుతి ధైవతం. అంతా హరికాంభోజి మేళంలోనే ఉంది. ఒక్క ఈ మేజర్ దగ్గర మాత్రం కాకలి నిషాదం (కైశికి కంటే అర స్వరం పైది) తొంగి చూసి, వెంటనే జి మేజర్ సెవెన్‌లో కైశికికి జారిపోతుంది. పాట గుండెలో కలుక్కుమనేది సరిగ్గా అక్కడే. కంగారులో చాలామంది చివరి కార్డ్‌కి మామూలు జి వేస్తారు. అప్పుడు ధైవతం తగ్గి, జి మీద పాట ఇల్లు చేరినట్టు అనిపిస్తుంది. అది ఇల్లు కాదు, వీధి చివర మలుపు. రెండో తీగనూ మొదటి తీగనూ (అన్నిటికంటే సన్నది మొదటిది, లావుది ఆరోది) సరిగ్గా చూసుకోండి: జి మేజర్ సెవెన్‌లో మొదటి తీగ రెండో మెట్టు (ఎఫ్ షార్ప్) నొక్కాలి, రెండో తీగ ఖాళీ. ఇది రాగాలాపన అని ఎవరూ అనరు, గమకం లేదు, సంచారం లేదు. స్వరస్థానాలు కలుస్తాయి, అంతవరకే. అయినా లలిత గీతం పాడినవాళ్ళకు ఈ వరస తొందరగా పట్టుబడటానికి ఇదే కారణం.

సాహిత్యం గురించి ఒక్క మాట. మూడు చరణాలు మూడు వేరు విషయాలు: ఒక స్నేహితురాలి మరణం, వ్యసనం నుంచి బయటపడే పెనుగులాట, విడిపోయిన పాత బృందం. చివర వచ్చే ‘ఎగిరే యంత్రాలు’ విమాన ప్రమాదం గురించని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఫ్లయింగ్ మెషీన్ అన్నది ఆ బృందం పేరు.

ఎడమచేతి సంగతి. ‘ఏ’ కార్డ్‌ని పుస్తకం ప్రకారం చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళు వరసగా నాలుగు, మూడు, రెండు తీగల మీద పెడతారు. టేలర్ చూపుడువేలినీ నడిమివేలినీ తారుమారు చేస్తాడు: నడిమివేలు నాలుగో తీగ మీద, చూపుడువేలు మూడో తీగ మీద, ఉంగరంవేలు రెండో తీగ మీద. ‘డి’లోనూ అంతే, నడిమివేలు మూడో తీగకు, చూపుడువేలు మొదటి తీగకు. అలవాటు వంకరగా పడిందేమో అనిపిస్తుంది గానీ లాభం ఉంది. ‘ఏ’ నుంచి ‘ఈ’కి వెళ్ళేటప్పుడు చూపుడువేలు మూడో తీగ మీదే ఉండి రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు జరిగితే చాలు, లేపి వెతుక్కోనక్కర్లేదు. ‘డి’లో చూపుడువేలు మొదటి తీగ మీద ఉంటుంది కాబట్టి దాన్ని లేపి మళ్ళీ కొట్టే హ్యామర్ ఆన్ సులువు. ఐదారేళ్ళుగా పాత పద్ధతిలో వాయిస్తున్నవాళ్ళు మార్చుకోవాలంటే రెండు వారాలు నత్తనడకే. కొత్తవాళ్ళు మొదటి రోజు నుంచే ఇలా పట్టుకోవచ్చు.

కుడిచేతిలో బొటనవేలికి ఆరు, ఐదు, నాలుగు తీగలు. చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళకు మూడు, రెండు, ఒకటి. బొటనవేలు గడియారంలా రెండు తీగల మధ్య ఊగదు. కార్డ్ మారబోయే ముందు కింది స్వరాల్లో ఒకటో రెండో మెట్లు దిగి కొత్త కార్డ్ దగ్గరికి నడుస్తుంది. సాధన చేయాలంటే ముందు బొటనవేలు ఒక్కటే, మెట్రోనోమ్ (లయ కొట్టే సాధనం) నిమిషానికి 60 దెబ్బల మీద, పాట మొత్తం. అది పాడుకుంటూ వాయించగలిగాకే మిగతా వేళ్ళు. అన్నీ కలిపి ఒకేసారి మొదలుపెట్టినవాళ్ళకు గొంతు బొటనవేలి వెంట పడుతుంది, మాట తాళానికి అతుక్కుపోయి బిగుసుకుపోతుంది.

గోళ్ళు. టేలర్ కుడిచేతికి కృత్రిమంగా గట్టిపరచిన గోళ్ళు వాడతాడు, తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టిన పాఠాల్లో అవెలా చేసుకోవాలో కూడా చూపించాడు. బెజవాడలో పెళ్ళికూతుళ్ళకు గోళ్ళు వేసే పార్లర్లలో యాక్రిలిక్ పని చేస్తారు. వేలి కొస దాటి 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు అని గట్టిగా చెప్పాలి, లేకపోతే పెళ్ళిగోళ్ళు వేసి పంపిస్తారు. కొస గుండ్రంగా, తీగ దిగే వైపు కాస్త వాలుగా అరగదీయాలి. మూల మిగిలితే తీగకు తగులుకుని టక్కుమంటుంది. మన సమస్య వేరే ఉంది: ఆవకాయ అన్నం కలిపేది ఆ చేతితోనే. పసుపు, కారం యాక్రిలిక్‌ని పట్టేస్తాయి, గోటికీ పూతకీ మధ్య తడి చేరితే పచ్చటి మరక వస్తుంది. అది బాక్టీరియా, దాని మీద మళ్ళీ పూత వేయకూడదు. తీసేటప్పుడు అసిటోన్‌లో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి తీయాలి. పీకితే సొంత గోరు పొరతో సహా వస్తుంది, ఆపైన రెండు నెలలు గిటార్ మాటెత్తనక్కర్లేదు. ఇంత గొడవ వద్దనుకుంటే సొంత గోళ్ళను 1 మిల్లీమీటరు ఉంచి, గోరూ కండా కలిపి మీటండి. సద్దు తగ్గుతుంది, మెత్తదనం తగ్గదు.

ఇక అసలు రహస్యం. అతని గిటార్ రికార్డుల్లో అంత స్వచ్ఛంగా మోగడానికి పెద్ద కారణం శ్రుతి. టేలర్ ఆరు తీగల్నీ ట్యూనర్ చూపించే సున్నాకు పెట్టడు, ఒక్కోదాన్ని ఒక్కో లెక్కన కిందికి దించుతాడు. అర స్వరానికి 100 సెంట్లు. లావు తీగ అయిన ఆరోది 12 సెంట్లు తక్కువ, ఐదోది 10, నాలుగోది 8, మూడోది 4, రెండోది 6, మొదటిది 3. ఈ లెక్క ఆ పాఠాల్లో అతను చెప్పినదే.

ఎందుకిలా? కేపో బిగిస్తే తీగ మెట్టు మీదికి లాగబడి స్వరం కొంచెం పెరుగుతుంది. లావు తీగను బొటనవేలితో గట్టిగా మీటితే మొదటి క్షణంలో బిగువు పెరిగి స్వరం పైకి పోయి, తర్వాత దిగుతుంది. ఈ రెండూ మంద్రపు లావు తీగల్లో ఎక్కువ. ముందే దించి పెడితే మీటినప్పుడు సరైన చోటికి వస్తాయి. ఇక మూడో తీగ కంటే రెండోది 2 సెంట్లు ఎక్కువ దించడం చెవి కోసం. గిటార్ మెట్ల లెక్కలో అంతర గాంధారం సహజ స్థానం కంటే దాదాపు 14 సెంట్లు పైన ఉంటుంది. తంబురా విని పెరిగిన చెవికి అది గీసుకుంటుంది. జి కార్డ్‌లో ఖాళీ మూడో తీగ షడ్జమం, ఖాళీ రెండో తీగ గాంధారం. ఆ రెండు సెంట్లు కొంచెమే అయినా గీత మెత్తబడుతుంది.

చేసే పద్ధతి: కేపో తీసేయండి. ముందు ఆరు తీగల్నీ మామూలు శ్రుతికి తెచ్చి, సెంట్లు అంకెల్లో చూపించే ట్యూనర్‌నో ఫోన్ యాప్‌నో పెట్టుకోండి. ముల్లు ఒక్కటే చూపించే చవక ట్యూనర్‌తో 4కీ 6కీ తేడా తెలియదు. ఫోన్ వాడితే ఫ్యాన్ ఆపాలి, మే నెలలో అయినా సరే, ఐదు నిమిషాలే కదా. ఆరో తీగను కావలసినదానికంటే కిందికి దించి, బిరడ తిప్పుతూ పైకి వచ్చి మైనస్ 12 దగ్గర ఆపండి. పైనుంచి దించి ఆపితే బిరడ పళ్ళ మధ్య వదులు మిగిలి, నాలుగు మీటులకు తీగ జారుతుంది. మొదటి తీగ దాకా ఇలాగే వెళ్ళి, మళ్ళీ ఆరో తీగ నుంచి రెండోసారి చూడండి; చివరి తీగలు మారేసరికి మెడ బిగువు మారి మొదటివి కదిలి ఉంటాయి. పాటలో ఎంత బలంగా మీటుతారో అంతే బలంగా మీటి చూడాలి. నెమ్మదిగా మీటి శ్రుతి చేసి గట్టిగా వాయిస్తే ఈ లెక్కంతా వృథా.

కేపోని మెట్టుకు వెనక ఆనుకుని, తిన్నగా బిగించాలి. స్ప్రింగ్ కేపో బలంగా నొక్కుతుంది, లావు తీగలు ఎక్కువ లాగబడతాయి. మర తిప్పి బిగించే రకమైతే తీగ గరగరలాడనంత వరకే బిగించి ఆపొచ్చు. కేపో పెట్టాక ఒక తీగ మాత్రం తేడాగా వినిపిస్తే తప్పు ట్యూనింగ్‌ది కాకపోవచ్చు, తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుందేమో చూడండి. పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దితే చాలాసార్లు తీరిపోతుంది.

పాటగాళ్ళకు కేపో అంటే శ్రుతి మార్చే మర. ‘ఏ’ ఆకారం కేపో లేకుండా ఆరు శ్రుతి. రెండో మెట్టు మీద ఏడు, మూడో మెట్టు మీద ఒకటి, నాలుగో మెట్టు మీద ఒకటిన్నర. టేలర్ పాడేది మూడో మెట్టు మీద, అంటే మగవాళ్ళు కచేరీల్లో పాడే ఒకటి శ్రుతే. ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడే ఆడవాళ్ళు అదే వరసను జి, డి మైనర్ సెవెన్, సి, జి, డి, ఎఫ్ మేజర్ సెవెన్‌గా మార్చుకుంటే కేపో లేకుండా ఐదు, మొదటి మెట్టు మీద ఐదున్నర. అయితే శ్రుతిపెట్టె కూడా పెట్టుకుంటే ఒక చిక్కు. పెట్టె ‘ఏ’ స్వరానికి 440 హెర్ట్జ్ లెక్కన సూటిగా మోగుతుంది, గిటార్ సెంట్లు దిగి ఉంటుంది, రెండూ కలిసి అలలు అలలుగా కొట్టుకుంటాయి. గిటార్‌ని మార్చకండి, పెట్టెకున్న ఫైన్ ట్యూన్ మీటను కొంచెం దించి, అల ఆగిన చోట వదిలేయండి.

ఇంత చేసినా ఊరి వాతావరణం ఊరుకోదు. టేలర్ మొదట్లో గిబ్సన్ జె-50 వాయించాడు, తర్వాత దశాబ్దాలుగా జేమ్స్ ఓల్సన్ చేసిన గిటార్లు: పైపలక సెడార్, పక్కలూ వెనకా ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి. గట్టి చెక్క గిటార్ దేనికైనా గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. బెజవాడలో అది ఏడాదిలో చాలా నెలలు దొరకదు. వానాకాలం నుంచి అక్టోబర్ దాకా తేమ ఎక్కి పైపలక ఉబ్బుతుంది. తీగలు మెట్ల నుంచి పైకి లేస్తాయి, నొక్కినప్పుడు ఎక్కువ సాగి స్వరం పెరుగుతుంది. పై లెక్క తప్పేది ఇక్కడే. ఏప్రిల్, మే వడగాలిలో ఉల్టా: చెక్క కుంచించుకుని పలక దిగుతుంది, తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది, మెట్ల కొసలు మెడ పక్కన చేతికి గుచ్చుకుంటాయి.

పన్నెండో మెట్టు దగ్గర స్టీలు స్కేలుతో కొలవండి: ఆరో తీగ కింద సుమారు 2.4 మిల్లీమీటర్లు, మొదటి తీగ కింద 1.6 నుంచి 1.8. వానల్లో 3 దాటితే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) జోలికి వెళ్ళకముందు తేమ సంగతి చూడాలి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి వారం ఆగి మళ్ళీ కొలవండి. ఎండాకాలంలో ఆ పొట్లాలు తీసేసి, చిల్లులున్న సబ్బుపెట్టెలో పిండిన తడి స్పాంజి పెట్టండి, నీళ్ళు కారకూడదు. తేమ మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది, పెట్టెలోనే పడేసి ఉంచండి. కారులో మాత్రం, బెంజి సర్కిల్ దగ్గర పావుగంట పనే అయినా, మే నెలలో గిటార్ వదలకండి. వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క) వెనక అంచు లేస్తుంది. ఆ సందులో విజిటింగ్ కార్డు దూరితే తీగలు వదులు చేసి పని తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. ఫెవికాల్ పోసి ఇంట్లో బిగిస్తే తర్వాత బాగుచేసేవాళ్ళకు రెట్టింపు పని.

ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు, 12 నుంచి 53 (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) లైట్ సెట్, ఈ శైలికి సరిపోతాయి. చెమట చేతికి రోజూ గంట వాయిస్తే నెల కూడా ఆగవు. తుప్పు మొదలైన తీగ శ్రుతిలో నిలవదు, దాని మీద సెంట్లు లెక్కపెట్టడం దండగ. వాయించాక ప్రతి తీగ అడుగునుంచి కూడా పొడిగుడ్డతో తుడవాలి.

యాభై అరవై మంది కూర్చునే హాల్లో పాడేటప్పుడు పాట చెడేది ఎక్కువగా మైకు సెట్టు దగ్గర. పెళ్ళిళ్ళకు అలవాటుపడిన చెయ్యి బేస్ పెంచుతుంది. మైకు నోటికి ఆనించి పాడితే కింది ధ్వని ఇంకా ఉబ్బుతుంది, టేలర్ లాంటి మంద్రపు గొంతు గుమ్మటంలో మాట్లాడినట్టు అవుతుంది. గొంతు ఛానెల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేయమనండి, మైకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉంచండి. గిటార్ లోపలి గాలి 100 హెర్ట్జ్ దగ్గరే ప్రతిధ్వనిస్తుంది కాబట్టి స్పీకర్లలో ఊళ (ఫీడ్‌బ్యాక్) పుట్టేది చాలాసార్లు అక్కడే. రంధ్రానికి రబ్బరు మూత పెట్టి, ఆ ఒక్క చోట సన్నగా తగ్గిస్తే సరిపోతుంది. జనరేటర్ మీదికి మారగానే గుయ్‌మని మోత వస్తే డీఐ బాక్స్ (గిటార్‌ని మైకు సెట్టుకు కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి.

కెరీర్ రెండో సగంలో చెప్పుకోవలసింది హక్కుల సంగతి. 1976లో ‘గ్రేటెస్ట్ హిట్స్’ వేసినప్పుడు యాపిల్ కాలపు రెండు పాటల రికార్డింగులు చేతికి రాలేదు. ఆ రెండింటినీ కొత్తగా పాడి రికార్డు చేశాడు. పాట హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు కాబట్టి సాధ్యమైంది. ఆ ఆల్బమ్ అమెరికాలో కోటికి పైగా అమ్ముడుపోయింది. ఇక్కడ సొంత పాటలు యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళకూ ఇదే లెక్క. మన కాపీరైట్ చట్టంలో సాహిత్యం, బాణీ, ధ్వనిముద్రణ మూడూ వేరు. స్టూడియో డబ్బు పెట్టినవాళ్ళు ధ్వనిముద్రణకు యజమానులు కావచ్చు గానీ, రాసినవారికీ బాణీ కట్టినవారికీ వచ్చే రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడానికి 2012 సవరణ ఒప్పుకోదు. సంతకం పెట్టే ముందు మాస్టర్ (అసలు ధ్వనిముద్రణ) ఎవరిదో, మళ్ళీ రికార్డు చేసుకోవడానికి ఎన్నేళ్ళు ఆగాలో రాతలో అడగండి. పరాయి పాటకు కవర్ వేయాలనుకుంటే, చట్టబద్ధ లైసెన్సు దారి తెరుచుకునేది మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలకు.

1977లో వార్నర్ రికార్డు కంపెనీని వదిలి కొలంబియాకు మారాడు. 1980ల మొదట్లో హెరాయిన్ నుంచి బయటపడ్డాడు. 1985 జనవరిలో బ్రెజిల్‌లోని రియోలో ఎన్నో వేలమంది తన పాటల్ని తనతో కలిసి పాడటం విని, అదే ఏడు దాని మీద ఒక పాట రాశాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2002 ‘అక్టోబర్ రోడ్’ తర్వాత సొంత పాటల ఆల్బమ్ రావడానికి పదమూడేళ్ళు పట్టింది. బాణీలు రాక కాదు. అతనికి ముందు గిటార్ వరస, బాణీ వస్తాయి, మాటలే ఆలస్యం. చివరికి ఊరు మారి, న్యూపోర్ట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా కూర్చుని మాటలు పూర్తిచేశాడు. అలా వచ్చిన ‘బిఫోర్ దిస్ వరల్డ్’ 2015 జూన్‌లో బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అతని మొదటి నంబర్ వన్ ఆల్బమ్ అదే, అప్పటికి వయసు 67. ఆ ఆల్బమ్‌కి గ్రామీ రాలేదు. తర్వాత వచ్చిన ఆరోది మళ్ళీ పరాయి పాటలకే.